చప్పుడు రాని సిలిండర్ ఫోనోగ్రాఫ్ అమ్ముతున్నారా? ముందు మూత లేపి చూపించమనండి

ఎర్రగడ్డ ఆదివారం సంతలోనైనా, జుమ్మేరాత్ బజార్‌లోనైనా, పాతబస్తీ యాంటిక్ దుకాణంలోనైనా సరే, "సర్వీసింగ్ అయిపోయింది అన్నా, చప్పుడే రాదు" అన్న ఒక్క మాట నమ్మి సిలిండర్ ఫోనోగ్రాఫ్ (పళ్లెంలాంటి రికార్డు బదులు గొట్టంలాంటి సిలిండర్ మీది పాట వినిపించే, కీ ఇచ్చి తిప్పే పాత మెషీన్) కొనకండి. ఇత్తడి హారన్ తగిలించిన నకిలీ గ్రామఫోన్ల సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు. ఇది వేరే రకం మోసం. మెషీన్ అసలుదే. చప్పుడు ఎందుకు వస్తోందో వెతక్కుండా, వినపడకుండా నొక్కేసి అమ్ముతున్నారు.

అలా కొన్న ఒక ఎడిసన్ కంపెనీ మోడల్ స్టాండర్డ్‌ను విప్పితే బయటపడినవి: స్ప్రింగ్ డబ్బా నిండా లారీ గ్రీజు, గవర్నర్ (వేగాన్ని నిలిపే భాగం) మీద తుప్పు వదిలించే స్ప్రే, మోటారు నుంచి సిలిండర్ తిప్పే లెదర్ బెల్టు బదులు సైకిల్ ట్యూబు ముక్క, మోటారు చుట్టూ కుక్కిన స్పాంజి. దుకాణంలో పిల్లిలా తిరిగింది. ఇంటికొచ్చాక నెల తిరక్కుండానే మొరాయించింది. డబ్బు వెనక్కి రాలేదు, మరమ్మతు ఖర్చు అదనం.

ఈ మెషీన్లలో ఒక్కో చప్పుడుకు ఒక్కో కారణం ఉంటుంది. కీ ఇచ్చాక లోపల్నుంచి ఉండుండి "ధబ్" మంటే, స్ప్రింగ్ చుట్ల మధ్య పాత గ్రీజు గట్టిపడిందని అర్థం. చుట్లు ఒకదానికొకటి అతుక్కుపోయి, మెల్లగా జారాల్సినవి ఒక్కసారిగా విడిపోతాయి. ఆ కుదుపు పాటలో కూడా వినిపిస్తుంది. దీనికి మందు ఒకటే: డబ్బా విప్పి, స్ప్రింగ్ బయటికి తీసి, కిరసనాయిలుతో కడిగి, పూర్తిగా ఆరాక వాసెలిన్‌లో గ్రాఫైట్ పొడి కలిపి పల్చగా పూయాలి. పాత గ్రీజు మీదే కొత్తది కుక్కితే కొన్నాళ్లు మూగబోతుంది, అంతే. ఈ పని ఇంట్లో మొదలుపెట్టకండి. డబ్బాలోంచి ఎగిరొచ్చే స్ప్రింగ్ వేళ్లు కోసేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ పాడుచేసేది గవర్నర్‌నే. సన్నటి ఇరుసు చుట్టూ మూడు గుండ్లు, ఒక్కో గుండు ఒక్కో పల్చటి రేకు స్ప్రింగ్‌కు స్క్రూతో బిగించి ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ గుండ్లు బయటికి లేచి, ఇరుసు మీది చక్రాన్ని లాగి మెత్త మీద ఆనిస్తాయి, ఆ రాపిడే వేగాన్ని నిలుపుతుంది. కీచుమంటోందంటే మెత్త ఎండిపోయింది. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క దానికి ఇంకిస్తే చాలు. గలగలమంటోందంటే స్క్రూ వదులైంది, లేదా ఇరుసు బేరింగుల్లో ఆట ఎక్కువైంది. స్ప్రే కొడితే రెండూ అప్పటికి ఆగుతాయి. తర్వాత స్ప్రే ఆరిపోతుంది, ఉన్న నూనెను కూడా కడిగేసుకుని పోతుంది, ఇరుసు పొడిగా తిరిగి అరుగుతుంది. మూడు రేకుల్లో ఒకటి విరిగితే టంకం పెట్టి అతికిస్తున్నవాళ్లూ ఉన్నారు. టంకం పడ్డ రేకు మిగతా రెండింటిలా వంగదు, గుండ్ల తూకం తప్పి పాట వణుకుతుంది. ఒకటి పోయినా మూడూ ఒకే మందంవి మార్చాల్సిందే. టార్చి వేసి ఆ మూడు రేకులను విడివిడిగా చూడండి, టంకం మెరుపు దాగదు.

బెల్టు సంగతి చిన్నదే. లెదర్ పట్టీ రెండు కొసలనూ ఏటవాలుగా చెక్కి, జిగురుతో అతికించాలి. పిన్ను కొట్టి కలిపితే ఆ ముడి పుల్లీ మీదికి వచ్చినప్పుడల్లా టక్ మంటుంది. దాన్ని తప్పించడానికి రబ్బరు వేస్తారు, అది సాగి జారుతుంది, పాట స్వరం దిగిపోతుంది.

రిప్రొడ్యూసర్ (మొన ఉండి పాట వినిపించే భాగం) కూర్చున్న క్యారేజ్, ఫీడ్ స్క్రూ అనే పొడవాటి మర కడ్డీ తిరిగేకొద్దీ పక్కకు జరుగుతుంది. ఆ మరలను పట్టుకునే పళ్ల ముక్కే హాఫ్ నట్, దాని దగ్గర ఇంకా జాగ్రత్త. పళ్లు అరిగి జారుతుంటే, మార్చకుండా దాని స్ప్రింగ్‌ను గట్టిగా వంచేస్తారు. అప్పుడు ఫీడ్ స్క్రూ కూడా అరుగుతుంది, అది అరిగితే మెషీన్‌లో ఇక మిగిలేదేమీ ఉండదు.

దుకాణంలోనే తేల్చుకోండి. హ్యాండిల్ తీసి పైప్లేటు లేపమనండి. స్టాండర్డ్, హోమ్ మోడళ్లలో అది కబ్జాల మీద లేస్తుంది, కుదరదన్నవాడి దగ్గర కొనొద్దు. మాండ్రెల్ (సిలిండర్ తొడిగే తిరిగే గొట్టం) అంచున చిన్న కాగితం ముక్క అతికించి 15 సెకన్లలో ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. 40 రావాలి, అంటే నిమిషానికి 160. నిమిషం నిమిషానికీ మళ్లీ లెక్కపెట్టండి. మొదట్లో 40 వచ్చి, చివర్లో 36కు పడితే స్ప్రింగో గవర్నరో సరిగా లేదు. ఫీడ్ స్క్రూకు అంగుళానికి 100 మరలు, కాబట్టి రెండు నిమిషాలు పాడే సిలిండర్ల గేరులో క్యారేజ్ నిమిషానికి 1.6 అంగుళాలు జరగాలి. నాలుగు నిమిషాలు పాడే సిలిండర్ల గేరు ఉంటే, అందులో స్క్రూ సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి 0.8. స్కేలు పెట్టి కొలవండి, అమ్మేవాడు నవ్వితే నవ్వనివ్వండి.

రిప్రొడ్యూసర్ తీయించి, పది రెట్లు చూపే భూతద్దంతో మొనను చూడండి. మైనపు సిలిండర్లకు నీలమణి మొనే ఉండాలి. ఉక్కు సూది గుచ్చి ఉంటే అది ఆడించిన ప్రతి సిలిండరూ పోయినట్టే. వజ్రపు మొన ఉన్నది 1912లో వచ్చిన సెల్యులాయిడ్ బ్లూ ఆంబెరాల్ సిలిండర్లకే, మైనం మీద పెడితే గాళ్లు చెక్కేస్తుంది. మొన కదలికకు కంపించి చప్పుడు చేసే పల్చటి పొర (డయాఫ్రమ్) చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్లు రాయిలా గట్టిపడితే హారన్‌లో బరబర వస్తుంది. దాన్ని "మోటారు చప్పుడే" అని దాటేస్తారు.

సిలిండర్లు కూడా కలిపి అమ్ముతుంటే వెలుగులో తిప్పి చూడండి. తెల్లటి బూజు మచ్చలుంటే ధర తగ్గించినా వద్దు. మన వానాకాలం తేమకు అది ఇంకా పాకుతుంది, బూజు తిన్న చోట గాడి మళ్లీ రాదు. బ్లూ ఆంబెరాల్ మాండ్రెల్ మీదికి పూర్తిగా ఎక్కకపోతే లోపలి ప్లాస్టర్ ఉబ్బిందన్నమాట, బలవంతంగా తోయనివ్వకండి. ఇంకొకటి, ప్లేటు మీది తేదీలు చూపించి "అన్నా, ఇది 1890ల మాల్" అంటే అవి పేటెంట్ల తేదీలు, తయారైన ఏడాది కాదు.

ఇప్పటికే కొని ఉంటే కొత్తగా కీ ఇవ్వకండి. ఉన్న బిగువంతా దానంతట అది తిరిగి దిగిపోయాకే పైప్లేటు లేపి స్పాంజి తీసేయండి. ఎండాకాలం వేడికి అది జిగురుగా కరిగి గవర్నర్‌లోకి పోతుంది. బేరింగుల దగ్గర స్ప్రే వాసన ఉంటే కిరసనాయిలు తడిపిన బ్రష్‌తో తుడిచి, ఆరాక ఒక్కో చోట సూదిమొనతో ఒక్క చుక్క నూనె పెట్టండి. స్ప్రింగ్ డబ్బాను మాత్రం గడియారాల పెద్ద స్ప్రింగులు తీసే అలవాటున్న మెకానిక్‌కే ఇవ్వండి, ఏ గ్రీజు వేస్తాడో ముందే అడిగి.