గెటిస్‌బర్గ్ యుద్ధభూమి: గైడు లేకుండా వెళ్ళొద్దు

బానిసత్వం నిలుపుకోవాలని విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకూ ఉత్తరాదికీ మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధంలో ఒక పెద్ద పోరు జరిగిన ఊరు, పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఎవరైనా అక్కడికి వెళ్తుంటే నేను చెప్పేది ఒకటే. ఖర్చుకు వెనకాడకుండా లైసెన్సు ఉన్న గైడును పెట్టుకోండి. సొంతంగా తిరిగితే ఫిరంగులు, విగ్రహాలు, పచ్చిక మాత్రమే కనిపిస్తాయి. పిల్లలకు కాసేపటికే విసుగొస్తుంది.

ఇక్కడ 1915 నుంచీ లైసెన్సు పద్ధతి ఉంది. పరీక్షలు నెగ్గితేనే గైడు అవుతారు. మన కారే ఎక్కి, స్టీరింగ్ తనే తీసుకుంటారు. మాకు వచ్చినాయన రిటైరైన స్కూలు మాస్టారు. గుంటూరు నుంచి వచ్చిన మా మామయ్యగారికి ఆ యాస అందడం లేదని కనిపెట్టి, అడక్కుండానే నిదానంగా మాట్లాడారు.

ఏ దళం ఏ గుట్ట ఎక్కిందన్న లెక్కలు నాకంతగా పట్టలేదు. కానీ 1863 జూలై 3 మధ్యాహ్నం దాడి జరిగిన రాతిగోడ దగ్గర కారు దిగినప్పుడు ఒళ్ళు గగుర్పొడిచింది. సుమారు 12,500 మంది దక్షిణాది సైనికులు ముప్పావు మైలు బయలు పొలంలో నడిచి వచ్చారు. గంట తిరక్కుండా అందులో సగం మంది చనిపోవడమో, గాయపడడమో, పట్టుబడడమో జరిగింది. దాక్కోవడానికి అక్కడ చెట్టు చాటు కూడా లేదు.

ఆ గోడకు దగ్గర్లోనే ఒక చిన్న తెల్ల ఇల్లు ఉంది. ఏబ్రహం బ్రయన్ అనే నల్లజాతి రైతుది. ఎవరికీ బానిస కాడు, సొంత పొలం ఉన్నవాడు. అయినా దక్షిణాది సైన్యం దొరికిన నల్లవాళ్ళను పట్టి బానిసలుగా తోలుకుపోతుంటే ఇల్లొదిలి పారిపోవాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి ఇల్లూ పంటా నాశనం. వెయ్యి డాలర్లకు పైగా నష్టపరిహారం అడిగితే ఇచ్చింది 15 డాలర్లు! మామయ్యగారు ఆ ఇంటి ముందు నుంచి చాలాసేపు కదల్లేదు.

నన్నడిగితే అసలు కథ సైన్యాలు వెళ్ళిపోయాకే ఉంది. ఊరి జనాభా 2,400. వాళ్ళ చేతుల్లో మిగిలిన క్షతగాత్రులు 20,000 మందికి పైనే. చర్చిలు, బళ్ళు, పశువుల కొట్టాలు అన్నీ ఆసుపత్రులయ్యాయి. అంతకుముందు పోరు సాగుతుండగానే, బాలింత అయిన అక్కకు సాయంగా ఉన్న ఇరవయ్యేళ్ళ జెన్నీ వేడ్, రొట్టెల పిండి కలుపుతూ తూటా తగిలి చనిపోయింది. హడావిడిగా పాతిపెట్టిన ఉత్తరాది సైనికుల శవాలను తవ్వి తీసి జాతీయ శ్మశానానికి చేర్చింది బేసిల్ బిగ్స్ అనే మరో నల్లజాతి రైతు, అతని కూలీలు. ఆ పని ఇంకా సాగుతుండగానే నవంబర్ 19న అప్పటి అమెరికా అధ్యక్షుడు లింకన్ అక్కడికొచ్చి ప్రసంగించాడు. ప్రసంగం అందరికీ తెలుసు. బిగ్స్ పేరు నేను మొదటిసారి విన్నాను.

మామయ్యగారు కూడా ఒక సంగతి చెప్పారు. ఉత్తరాది నౌకలు దక్షిణాది రేవులను మూసేయడంతో అక్కడి పత్తి అందక ఇంగ్లండు మిల్లులు మన పత్తికి ఎగబడ్డాయని, కాకినాడ రేవు వ్యాపారం ఆ రోజుల్లోనే ఊపందుకుందని. గైడు గారు శ్రద్ధగా విని నోటుబుక్కులో రాసుకున్నారు.

రెండు గంటల టూరు చాలదు, వీలైతే ఎక్కువసేపటిది తీసుకోండి. ఊరి జనం గురించి చెప్పమని మొదట్లోనే అడగండి, లేకపోతే సమయమంతా సేనాధిపతులకే సరిపోతుంది. మ్యూజియంలో 377 అడుగుల గుండ్రటి వర్ణచిత్రాన్ని వదలొద్దు. పెద్దవాళ్ళతో వేసవిలో వెళ్తే పొద్దున్నే బయల్దేరండి, పొలాల్లో నీడ ఉండదు.