క్విజ్ ప్రైజ్ ఇవ్వడానికి ముందు టాక్స్ కట్టమంటే కట్టకండి, నేను 7,500 పోగొట్టుకున్నాను

రోజూ రాత్రి 9:30కి టెలిగ్రామ్‌లో తెలుగు జీకే క్విజ్ పెట్టే ఆ పెద్ద గ్రూపు ఏదో మీలో చాలామందికి తెలుసు, కొందరు ఇంకా అందులోనే ఉన్నారు కూడా. పేరు రాయడం లేదు. కంప్లైంట్ ఇచ్చాను, అది తేలేదాకా పేరు బయట పెట్టొద్దని మా తమ్ముడు గట్టిగా చెప్పాడు. కానీ వచ్చే నెల ఇంకో మెగా ఫైనల్ అని పోస్టర్ తిరుగుతోంది, అందుకే ఆగలేక ఈ రాత్రే రాస్తున్నాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి.

నేను ఏలూరు దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తాను. పోయిన సంక్రాంతి సెలవుల్లో మా పాత స్టూడెంట్ ఒకమ్మాయి లింక్ పంపితే చేరాను. 30 ప్రశ్నలు, ఒక్కోదానికి 15 సెకన్లు, ఫ్రీ. కరెక్ట్ కొడితే స్క్రీన్ మీద రంగు కాగితాలు రాలతాయి చూడండి, దానికోసం నేనూ మా అమ్మాయీ భోజనాలు 9 లోపు ముగించి కూర్చునేవాళ్ళం. కొల్లేరు రామ్‌సర్ జాబితాలో ఏ సంవత్సరం చేరిందని ఒక రోజు అడిగారు, 2002 అని రెండో సెకనులోనే కొట్టాను, మా ఊరి పక్క సరస్సు కదా. ఇంకో రోజు పింగళి వెంకయ్య గారు పుట్టిన ఊరు అడిగితే గ్రూపు మొత్తంలో భట్లపెనుమర్రు అని కొట్టినవాళ్ళం పదిమందిమి కూడా లేము. కువైట్‌లో డ్యూటీ దిగి వచ్చి ఆడే అన్న, డాలస్‌లో ఆఫీసు పని మధ్యలో ఫోన్ తీసి ఆడే తమ్ముడు, గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలు, రిటైరైన మాస్టార్లు, అందరం రోజూ పలకరించుకునేవాళ్ళం. ఆ గంట నాకెంత ఇష్టమో చెప్పలేను. ఇరవై ఏళ్ళుగా చెప్పిన పాఠమే చెప్తూ, నాకూ ఇంత తెలుసు అని నాకే గుర్తుచేసిన గంట అది.

తర్వాత వీఐపీ మెంబర్‌షిప్ అన్నారు, 999. కట్టాను. ఆ తర్వాత మెగా ఫైనల్, ఎంట్రీ 500, ఫస్ట్ ప్రైజ్ 25,000. అదీ కట్టాను. ఇక్కడిదాకా నాకు బాధ లేదు, ఆడిన సంతోషానికి చెల్లు అనుకుంటాను.

ఫైనల్ పోయిన ఆదివారం రాత్రి. మామూలుగా క్విజ్ పోల్‌లో పెడతారు, అది ఒకసారి పోస్టు చేశాక జవాబు మార్చడానికి ఉండదు. ఫైనల్‌కి మాత్రం పోల్ తీసేశారు. 40 ప్రశ్నలు మామూలు మెసేజ్‌లుగా పెట్టారు, జవాబులు అడ్మిన్‌కి పర్సనల్‌గా టైప్ చేసి పంపాలి, అయిపోయాక కీ గ్రూపులో పెడతారు. పోల్‌లో అయితే ఒకరిని చూసి ఒకరు కొడుతున్నారని కారణం చెప్పాడు. సబబుగానే అనిపించింది. అక్కడే ఒక్క క్షణం ఆలోచించి ఉండాల్సింది. జవాబులు అతనికే తెలుసు, కీ అతని చేతిలోనే ఉంది, లెక్క చూసేదీ అతనే.

రాత్రి 11కి కీ పెట్టాడు, ఆ వెంటనే రిజల్ట్. నాకు 37, రెండో స్థానం వాళ్ళకి 36. నా పేరు పక్కన కిరీటం బొమ్మ. మా అమ్మాయి కేకేసి మంచం మీంచి దూకింది, స్టేటస్‌లో పెడతానని రిజల్టూ కీ రెండూ స్క్రీన్‌షాట్ తీసింది. అది తీయబట్టి ఇవాళ నా చేతిలో కాస్త ఆధారమైనా ఉంది.

సోమవారం పొద్దున్నే అడ్మిన్ కాల్. "అక్కా కంగ్రాట్స్ అక్కా, మన గ్రూపు పరువు నిలబెట్టావు." ఇన్ని నెలలుగా నన్ను అక్కా అనే పిలిచేవాడు. ప్రైజ్ మీద 30 శాతం టీడీఎస్ పడుతుంది, 7,500 ముందు కడితే చలానా వస్తుంది, సాయంత్రానికి పూర్తి 25,000 మీ అకౌంట్లో పడిపోతుంది అన్నాడు. నేను అడిగానండి. అడగలేదని కాదు. ఆ 7,500 పట్టుకుని మిగతా 17,500 పంపెయ్ తమ్ముడూ అన్నాను. "మా ఆడిటర్ ఒప్పుకోడు అక్కా, సిస్టమ్ అలా ఉంది, నా మీద నమ్మకం లేదా" అన్నాడు. ఆ చివరి మాటకి నేను మెత్తబడిపోయాను. అడగాల్సిన ప్రశ్న సరిగ్గా అడిగి, అతను చెప్పిన తప్పు జవాబుకి తలూపాను. క్లాసులో పిల్లవాడు అలాంటి జవాబు చెప్తే ఊరుకుంటానా?

చీటీ కట్టడానికి విడిగా పెట్టిన డబ్బు అది. అందులోంచే పంపాను. పంపేటప్పుడు యూపీఐలో అతని పేరు కాదు, ఎవరో ఆవిడ పేరు వచ్చింది. ఆడిటర్ భార్య అకౌంట్ అన్నాడు. పాన్ కార్డూ ఆధారూ ఫొటోలు తీసి పంపమంటే అవీ పంపాను. ఇది రాస్తుంటే నా మీద నాకే కోపం వస్తోంది.

సాయంత్రం డబ్బు రాలేదు. రాత్రి క్విజ్ మామూలుగానే జరిగింది, నేనూ ఆడాను.

మంగళవారం మూడో పీరియడ్ ఖాళీ. స్టాఫ్ రూములో కూర్చుని ఫోన్ తీస్తే గ్రూపులో మెసేజ్. వచ్చిన అభ్యంతరాలు పరిశీలించిన మీదట 27వ ప్రశ్న కీ సవరించాము, విజేత మారారు, అందరూ సహకరించగలరు. కింద ఇంకెవరిదో పేరు, ఆ పేరు పక్కన కిరీటం.

27వ ప్రశ్న ఏమిటంటే, ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి ఎవరు? నేను నీలం సంజీవరెడ్డి అని పంపాను. ఆదివారం రాత్రి కీలో ఉన్నదీ అదే. పైకి జరిపి ఆదివారం నాటి కీ మెసేజ్ తెరిచాను. 27 ఎదురుగా టంగుటూరి ప్రకాశం అని ఉంది. మెసేజ్ అడుగున, టైమ్ పక్కన, చిన్న బూడిదరంగు అక్షరాల్లో ఎడిటెడ్ అని ఉంది. ఆ ఒక్క మాట వంక ఎంతసేపు చూశానో తెలియదు, బెల్లు కొట్టినా లేవలేదు, పక్క టీచరొచ్చి ఏమైందండీ అని భుజం తట్టింది. నా ఒక మార్కు అక్కడ పోయింది, ప్రకాశం గారని రాసిన వాళ్ళకి ఒక మార్కు వచ్చింది. నా 37 కాస్తా 36 అయింది, వాళ్ళ 36 కాస్తా 37.

ఇది నేను ఏటా చెప్పే పాఠమండీ. 1953 అక్టోబరు 1న మద్రాసు నుంచి విడిపోయి, కర్నూలు రాజధానిగా ఏర్పడింది ఆంధ్ర రాష్ట్రం. దానికి మొదటి ముఖ్యమంత్రి ప్రకాశం పంతులు గారు. ఆ ఆంధ్ర రాష్ట్రమూ, హైదరాబాద్ రాష్ట్రంలోని తెలంగాణ ప్రాంతమూ కలిసి 1956 నవంబరు 1న ఏర్పడింది ఆంధ్రప్రదేశ్. దానికి మొదటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి గారు. ఈ రెండూ కలగలిపి రాసే పిల్లలు ఏటా నలుగురైదుగురు ఉంటారు, అందుకే బోర్డు మీద రెండు గడులు గీసి మరీ చెప్తాను. అభ్యంతరం వచ్చిందట. పబ్లిక్ సర్వీస్ కమిషన్ వాళ్ళు కూడా ప్రాథమిక కీ ఇచ్చి అభ్యంతరాలు అడుగుతారు, కానీ అక్కడ ఆధారం జతచేయాలి, నిపుణులు చూశాక ఫైనల్ కీ వస్తుంది. ఇక్కడ ఎవరు అభ్యంతరం చెప్పారో, ఏ పుస్తకం చూపించారో ఎవరికీ తెలియదు.

స్టాఫ్ రూములోనే పాఠ్యపుస్తకం పేజీ ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. నిమిషం తిరక్కుండా తీసేశారు. మళ్ళీ పెట్టాను, ఈసారి నన్ను మ్యూట్ చేశారు. అడ్మిన్‌కి మెసేజ్ చేస్తే "అడ్మిన్ నిర్ణయమే ఫైనల్ మేడమ్" అని వచ్చింది. నిన్న పొద్దున అక్కా, ఇవాళ మేడమ్. సరే, ప్రైజ్ వద్దు, నా 7,500 నాకు పంపేయండి అన్నాను. గవర్నమెంటుకి కట్టేశాం, రిఫండ్ రాదు అన్నాడు. గెలవని మనిషి పేరు మీద టాక్స్ ఎలా కట్టారు, ఆ చలానా అయినా చూపించండి అన్నాను. రెండు నిమిషాలు టైపింగ్ అని చూపించింది. తర్వాత వచ్చింది ఇది, మా తమ్ముడు చూడాలని స్క్రీన్‌షాట్ తీశాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఏంటమ్మా నీ గోల. ఏడున్నర వేలకి ఇంత రాద్ధాంతమా. ప్రకాశం పంతులు గారి గురించే తెలియనిదానివి, నువ్వు పిల్లలకేం చెప్తావు."

డబ్బు పోయినందుకు ఏడవలేదు నేను. ఈ మాటకి ఏడ్చాను. అక్కా నుంచి మేడమ్‌కి, మేడమ్ నుంచి నువ్వుకి ఒక్క రోజు పట్టింది. కీ మార్చింది అతను, తప్పు జవాబు రెండువేలమంది ముందు పెట్టింది అతను, తెలియనిదాన్ని నేనా? నేను బదులు రాసేలోపే బ్లాక్ చేశాడు. చాట్ మొత్తం నా ఫోన్లోంచి కూడా మాయమైంది, టెలిగ్రామ్‌లో ఒకరు తీసేస్తే రెండోవాళ్ళ దగ్గర కూడా పోయేలా చేయొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

ఇన్ని నెలలు పలకరించుకున్నవాళ్ళలో ఒక్కరూ గ్రూపులో నోరు విప్పలేదు. రాత్రి పది దాటాక కువైట్ అన్న మాత్రం విడిగా వాయిస్ పెట్టారు. దసరా ఫైనల్లో ఆయన గెలిచారట, 3,000 టాక్స్ అని కట్టించుకుని, ఆనక ఆయన జవాబులు లేటుగా అందాయని తీసేశారట. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదన్నా అంటే, "ఇంట్లో తెలిస్తే పరువు పోతుందని మింగేశానమ్మా" అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను. మా ఆయనకి నేనూ నిన్న రాత్రి వరకు చెప్పలేదు. కానీ ఆయన ఆ రోజు ఒక్క ముక్క రాసి ఉంటే నేను ఆగేదాన్ని, అందుకే నేను రాస్తున్నాను.

తమ్ముడు చెప్పాక తెలిసిన సంగతులు నాలుగు. నగదు బహుమతి మీద టీడీఎస్ అంటే ఇచ్చేవాళ్ళు అందులోంచి కోసుకుని, మన పాన్ మీద జమచేసి, మిగతాది మనకి ఇవ్వాలి. గెలిచినవాళ్ళ దగ్గర ముందు వసూలు చేయడం ఉండదు, అదీ ఎవరో ఆవిడ యూపీఐకి అసలే ఉండదు. ఎంట్రీ ఫీజు కట్టి డబ్బు గెలుచుకునే ఆన్‌లైన్ ఆటల్ని, తెలివితో ఆడేవైనా సరే, నిషేధిస్తూ 2025లో కేంద్రం చట్టం చేసింది. అందులో శిక్ష నడిపేవాళ్ళకీ ప్రచారం చేసేవాళ్ళకీ గానీ ఆడినవాళ్ళకి కాదు, కాబట్టి మన మీదకే వస్తుందేమోనని భయపడి కంప్లైంట్ మానకండి. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే అవతలి అకౌంట్లో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. నేను ఒకటిన్నర రోజు ఆలస్యం చేశాను. ఆధార్ ఫొటో పంపినవాళ్ళు ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ (UIDAI) సైట్లో, మన వేలిముద్రలు ఇంకెవరూ వాడకుండా బయోమెట్రిక్ లాక్ చేసుకోండి, నేను ఇవాళ చేశాను. అడ్మిన్‌తో చాట్ ఏదైనా సరే అప్పటికప్పుడు స్క్రీన్‌షాట్ తీసి వేరే ఫోనుకి పంపుకోండి. అదే గ్రూపులో ఇలా కట్టినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే నాకు మెసేజ్ చేయండి, అందరి కంప్లైంట్లూ కలిపి చూపిస్తే బలం ఉంటుందని స్టేషన్లో చెప్పారు.

గ్రూప్స్‌కి చదువుకుంటూ ఆ గ్రూపులో ఉన్న పిల్లలకి ఒక మాట. ఆ కీ చూసి 27 దగ్గర నోట్సులో ఏం రాసుకున్నారో ఒకసారి తీసి చూడండి. ఆంధ్ర రాష్ట్రం, 1953, కర్నూలు, ప్రకాశం పంతులు. ఆంధ్రప్రదేశ్, 1956, హైదరాబాద్, నీలం సంజీవరెడ్డి. మార్చి రాసుకున్నవాళ్ళు ఇప్పుడే దిద్దుకోండి.