నౌపడలో దిగనక్కరలేని బండి

నౌపడ నుంచి ఒడిశాలోని గుణుపూర్ దాకా పోయే రైలు లైను గురించి ఎవరు రాసినా దాన్ని వేయించిన పర్లాకిమిడి గజపతుల దగ్గర మొదలుపెడతారు. రెండున్నర అడుగుల గేజి (పట్టాల మధ్య వెడల్పు), 1900లో నడిచిన తొలి బండి, బొగ్గు ఇంజన్లు, వీటి గురించి ఇప్పటికే చాలామంది రాశారు కనుక నేను ఆ జోలికి పోవడం లేదు. పాతపట్నంలో కాపురముంటూ, చిన్న బండి నడిచిన రోజుల్లోనూ, లైను మూతబడిన ఆరేళ్ళలోనూ, బ్రాడ్‌గేజి వచ్చాక ఇన్నేళ్ళుగానూ మా అమ్మను వెంటబెట్టుకుని విశాఖపట్నం తిరుగుతున్నవాడిని. ఈ లైను మళ్ళీ తెరిచినందువల్ల మా ఇంటికి కలిగిన మేలంతా ఒక్కచోటే ఉంది. నౌపడ జంక్షన్‌లో బండి దిగి, మరో బండి ఎక్కే పని మాకు తప్పిపోయింది.

అదేమంత గొప్ప విషయమని ఆ అవస్థ పడనివారికి అనిపించవచ్చు. చిన్న బండి పట్టాలు నౌపడతో అయిపోయేవి. మెయిన్ లైను పెట్టెలు మా పట్టాల మీదికి రాలేవు, మా పెట్టెలు ఆ పట్టాల మీదికి పోలేవు కాబట్టి మనుషులు, మూటలు, కూరగాయల గంపలు, చంటిపిల్లలు అందరూ అన్నీ అక్కడ దిగి మారవలసిందే. అమ్మకు గుండె కవాటం చెడిందని 2001లో తెలిసింది. అప్పటినుంచి రెండు నెలలకొకసారి విశాఖ పెద్దాసుపత్రిలో చూపించుకోవాలి. పాతపట్నం నుంచి నౌపడకు 40 కిలోమీటర్లు కూడా లేదు, అయినా మాకు ప్రయాణమంటే ఆ స్టేషనే. వంతెన మెట్లు ఎనిమిది ఎక్కేసరికి అమ్మ ఆగిపోయి, కమ్మీ పట్టుకుని నిలబడి, నోటితో గాలి పీల్చుకునేది. కిందనుంచి వచ్చేవారు మమ్మల్ని తోసుకుంటూ పైకి పోయేవారు. అవతలి ప్లాట్‌ఫారం చేరాక పాసింజరు ఆలస్యమని తెలిస్తే, ఉప్పు మడుల మీదుగా వచ్చే గాలిలో బెంచీ మీద కూర్చుని ఎంతసేపైనా ఎదురుచూడాలి. తిరుగు ప్రయాణంలో విశాఖ బండి ఆలస్యమైతే చిన్న బండి వెళ్ళిపోయేది. ఒకసారి అలా తప్పిపోయి, తెల్లవారేదాకా ఆ బెంచీ మీదే ఉన్నాము. అమ్మ చీర కొంగు తల చుట్టూ కప్పుకుని, మందుల సంచిని ఒళ్ళో పెట్టుకుని, కన్ను మూయకుండా కూర్చుంది.

అందుచేత 2004 జూన్ 9న చివరి చిన్న బండి వెళ్ళిపోయినప్పుడు చాలామందిలాగా నేను బాధపడలేదు. గేజి మారుస్తారు, రెండేళ్ళో మూడేళ్ళో ఓపిక పడితే పెద్ద బండి వస్తుందని సంతోషించాను. ఆ లెక్క తప్పింది. నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా బండి నడిచింది 2010 జూలైలో, గుణుపూర్ దాకా నడిచింది 2011 ఆగస్టులో. ఈ మధ్యకాలమంతా బస్సులే మాకు దిక్కయ్యాయి. 2007 వానాకాలంలో మేమెక్కిన బస్సు టెక్కలి దాటాక ఆగిపోతే, మరో బస్సు వచ్చేదాకా అమ్మ రోడ్డు పక్క కల్వర్టు మీద గొడుగు వేసుకుని కూర్చుంది. ఆ ఏడాది రెండుసార్లు ఆసుపత్రికి పోకుండా ఇంట్లోనే ఉండిపోయింది. అడిగితే ఒంట్లో బాగానే ఉందనేది. బస్సు ఎక్కలేకనే అలా చెబుతోందని నాకు ఆలస్యంగా తెలిసింది. లైను మూసిన కాలాన్ని పని పురోగతిలో ఉన్న కాలమని కాగితాల మీద రాసుకోవచ్చు, కానీ ఆ ఆరేళ్ళలో వైద్యం వాయిదా వేసుకున్న ముసలివాళ్ళు మా వీధిలోనే ముగ్గురు ఉన్నారు.

విశాఖకు నేరుగా పోయే పాసింజరులో మేము మొదటిసారి ఎక్కిన రోజు నాకు ఇప్పటికీ పూసగుచ్చినట్టు గుర్తుంది. మధ్యాహ్నపు ఎండ. అమ్మకు కిటికీ పక్కన చోటు దొరికింది. గంగువాడ, టెంబూరు దాటేసరికి నిద్రపోయింది. నేరుగా పోయే బండి అని టికెట్టు కొన్నప్పుడే తెలిసినా, ఏళ్ళ తరబడి చేతులకు పట్టిన అలవాటు తెలిసినంత మాత్రాన పోదు. టెక్కలి దాటగానే నేను లేచి, పైనుంచి సంచి దించాను, నీళ్ళ సీసా మూత బిగించాను, సీటు కిందికి జారిన అమ్మ చెప్పులను వెతికి ఆమె కాళ్ళ దగ్గర జతగా పెట్టాను. ఆపైన ఆమె భుజం తట్టబోతుంటే ఎదుటి సీటులో ఎండుచేపల గంప కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఆయమ్మని లేపకు నాయనా. దిగక్కర్లేదు. ఈ బండే ఇశాపట్నం ఎల్తాది” అంది.

నేను సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బండి నౌపడలో ఆగింది. ఆ కుదుపుకు అమ్మ కళ్ళు తెరిచి, కిటికీలోంచి పసుపుపచ్చ బోర్డు చూసి, వెంటనే కాళ్ళతో చెప్పులు తడుముకుంది. దిగనక్కరలేదని నేను చెప్పాను. నమ్మలేదు. కొంతమంది దిగుతున్నారు కదా అని అడిగింది. వాళ్ళది ఈ ఊరేనని పెద్దావిడ చెప్పింది. బండి ఆగి ఉన్నంతసేపూ అమ్మ ఒక చెప్పు తొడుక్కుని, రెండోది తొడుక్కోకుండా, ప్లాట్‌ఫారం మీదికి చూస్తూ కూర్చుంది. మా చిన్న బండి వచ్చి నిలబడే చోటు ఎక్కడుందోనని నేను వెతికాను గాని గుర్తుపట్టలేకపోయాను. చివరికి బండి కదిలి, స్టేషను వెనక్కి పోయి, నీళ్ళు నిలిచిన మడులు కనిపించడం మొదలయ్యాక అమ్మ తొడుక్కున్న చెప్పును విప్పేసి, “అయితే మెట్లు లేవన్నమాట” అంది. తరువాత స్టీలు డబ్బా తెరిచి, అందులోని పులిహోర ఆ పెద్దావిడకు కూడా పెట్టింది. నౌపడలో బండి మారవలసిన రోజుల్లో అమ్మ విశాఖ చేరేదాకా ఏమీ తినేది కాదు. తింటే మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం ఎక్కువవుతుందని భయం.

ఆ సంతోషంలో తొలి ఏడాది నేను కనిపించిన వారందరికీ ఇక బస్సు మాట మరిచిపోవచ్చని చెప్పాను. ఇన్నేళ్ళ తరువాత ఆ మాటను కొంత తగ్గించుకోవలసి వస్తోంది. చిన్న బండి పెట్టెలోకి నేలమీదనుంచే ఎక్కే వీలుండేది. బ్రాడ్‌గేజి పెట్టె ప్లాట్‌ఫారం దాటి ముందుకు పోయి ఆగిందంటే దాని కింది మెట్టు అమ్మ నడుము ఎత్తున ఉంటుంది. అందుకని మేము ఒక చిన్న ప్లాస్టిక్ పీటను తాడు కట్టి వెంట తీసుకుపోతాము. ఆమె దానిమీద కాలు పెట్టి ఎక్కాక తాడుతో పైకి లాక్కుంటాము. నౌపడలో తప్పిన ఎక్కుడు కొంతవరకు మా ఊళ్ళోనే ఎదురైందని ఒప్పుకోవాలి, కాకపోతే ఇక్కడ సాయం పట్టేందుకు తెలిసిన మనుషులు ఉంటారు.

బండి వేళ గురించి కూడా చెప్పాలి. నేను వాడుతున్న పాసింజరు పొద్దున విశాఖలో బయలుదేరి గుణుపూర్ వచ్చి, మళ్ళీ సాయంత్రానికి విశాఖ చేరుతుంది. అంటే విశాఖవారు పొద్దున వచ్చి, పని చూసుకుని, అదే రోజు తిరిగి పోగలరు గాని, ఆసుపత్రికి పోవలసిన మేము ముందురోజు బయలుదేరి, ఆ రాత్రి అక్కడ ఉండి, చూపించుకున్నాక మరో రాత్రి కూడా ఉండి, మూడోనాటి పొద్దున బండి పట్టుకోవాలి. మాకు విశాఖలో మేనమామ గారి ఇల్లు ఉంది కాబట్టి సరిపోయింది. ఆ వసతి లేనివారికి లాడ్జి ఖర్చు ముందు టికెట్టులో మిగిలే డబ్బు లెక్కలోకి రాదు. శ్రీకాకుళంలో పని ఉన్నవారికైతే నేను ఈ బండి ఎక్కమని చెప్పనే చెప్పను. స్టేషను ఆమదాలవలసలో ఉంది, అక్కడినుంచి మళ్ళీ ఆటో వెతుక్కోవాలి. వారికి బస్సే మేలు.

ఒకసారి తెరిచిన లైను ఇక మూతబడదన్న నమ్మకం కూడా 2020 మార్చిలో పోయింది. దేశమంతా పాసింజరు బండ్లు ఆగినప్పుడు మా బండీ ఆగింది. అందరికీ వచ్చిన కష్టమే కదా అని సర్దుకున్నాము గాని, ఎక్స్‌ప్రెస్‌లు ఒక్కొక్కటిగా తిరిగి నడిచిన తరువాత కూడా పల్లెటూరి పాసింజర్ల వంతు రావడానికి చాలా కాలం పట్టింది. వచ్చాక కూడా అదే బండికి, అదే పెట్టెలకు, అవే ఆగుళ్ళకు ఎక్స్‌ప్రెస్ చార్జీ వసూలు చేశారు. 10 రూపాయలున్న కనీస చార్జీ 30 అయింది. టెక్కలి దాకా పోయే కూలీలు, కాలేజీ పిల్లలు అప్పుడు బండి మానేసి ఆటోలకు, బస్సులకు అలవాటుపడ్డారు. 2024 ఫిబ్రవరిలో పాత చార్జీ తిరిగి వచ్చింది గాని, వాళ్ళందరూ తిరిగి రాలేదు. పెట్టెలు ఖాళీగా కనిపిస్తే నాకు భయమేస్తుంది. జనం ఎక్కడం లేదన్న మాట ఒకసారి రిజిస్టరులోకి ఎక్కితే దాని ఫలితం ఎలా ఉంటుందో ఇలాంటి చిన్న లైన్ల మీద బతికినవారికి తెలుసు. గుణుపూర్ నుంచి తెరువలి దాకా పొడిగించి రాయగడ లైనులో కలిపితే ఈ బాధ తీరుతుందని, 2024లో కేంద్రం ఆమోదం తెలిపేదాకా మా ప్రాంతంవారు ఏళ్ళ తరబడి అడిగింది అందుకే.

కాబట్టి ఈ లైను మంచిదేనా అని నన్నడిగితే, మీ ఇంట్లో మెట్లు ఎక్కలేనివారు ఉన్నారా, విశాఖలో రెండు రాత్రులు తలదాచుకునే చోటు ఉందా అని నేను ముందు తిరిగి అడుగుతాను. ఆ రెండూ ఉన్నవారికి దీనికి సాటి వచ్చే బస్సు గాని, కారు గాని నేను చూడలేదు. నేను చెప్పేదంతా ఒక మనిషిని జాగ్రత్తగా ఆసుపత్రికి చేర్చడం వరకే. రోజూ ఉద్యోగానికి పోయి వచ్చేవారి అనుభవం వేరుగా ఉండవచ్చు.

అమ్మను ఇప్పుడు ఆరు నెలలకొకసారి తీసుకువస్తే చాలునన్నారు. పోయిన జనవరిలో వెళ్ళినప్పుడు నౌపడ దాటాక మడుగుల్లో తేలినీలాపురానికి వలస వచ్చే పక్షులు కనిపించాయి. వాటిని అమ్మే ముందుగా చూసి నాకు చూపించింది. బండి మారే రోజుల్లో ఏటా చలికాలం ఆ దారినే పోయినా, అవి అక్కడ ఉంటాయని మా ఇద్దరికీ తెలియదు.