హైదరాబాద్ ఉద్యోగులకు జీతాలిప్పించే ఈఓఆర్ సర్వీసు: నాలుగేళ్లు వాడాక

మాది డాలస్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ కొంతమంది మాకు పనిచేస్తారు. ఇండియాలో మాకు సొంత కంపెనీ లేదు కాబట్టి 2021 చివర్లో ఒక ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్ (ఈఓఆర్) సర్వీసు తీసుకున్నాం. అంటే కాగితం మీద వాళ్లు ఆ సర్వీసు ఉద్యోగులు, పని మాత్రం మాకు చేస్తారు. సర్వీసు పేరు రాయను, కింద తిట్లు కూడా ఉన్నాయి.

ముందు బాగున్నవి. తేదీల విషయంలో వీళ్లకి వంక పెట్టలేం. జీతంలో కట్ చేసిన పన్ను (టీడీఎస్) వచ్చే నెల 7లోపు, పీఎఫ్ 15లోపు కట్టేస్తారు, జూన్ 15కల్లా ఫారం 16 చేతికొస్తుంది. పీఎఫ్ పడిందో లేదో మనవాళ్లు పాస్‌బుక్‌లో చూసుకుంటూనే ఉంటారు, ఇంతవరకు ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. ఒకమ్మాయికి ఆధార్‌లో ఒక పుట్టినతేదీ, యూఏఎన్‌లో (పీఎఫ్ నంబరు రికార్డులో) ఇంకో పుట్టినతేదీ ఉంటే, పాత కంపెనీ వెంటపడి మరీ సరిచేయించారు. ఆ పని ఇక్కడ కూర్చుని నేను చేయాలంటే జుట్టు పీక్కునేవాణ్ణి.

మన ఊరే కదా, మనకు తెలియని రూల్స్ ఏముంటాయి అనుకునే అమెరికా తెలుగు ఓనర్లకి ఒక మాట. మనలో చాలామంది అక్కడ రెండు మూడేళ్లు ఉద్యోగం చేసి వచ్చేసినవాళ్లం, ఆ ఉద్యోగంలో మనకు తెలిసిందల్లా నెలాఖరున చేతికెంత వస్తుందనేదే, యజమాని వైపు లెక్క ఎప్పుడూ చూడలేదు. ఆ లెక్క నిజానికి అంత భయపడేది కాదు. నెలకి లక్ష జీతం ఉందనుకోండి. పీఎఫ్‌ని మొత్తం జీతం మీద కాకుండా 15,000 సీలింగ్ మీదే కడితే యజమాని వాటా 1,800, అడ్మిన్ చార్జీ, ఈడీఎల్ఐ (పీఎఫ్‌తో పాటు ఉండే బీమా) కలిపి ఇంకో 150. ఈఎస్ఐ 21,000 దాటినవాళ్లకి ఉండదు. ప్రొఫెషనల్ టాక్స్ 200 ఉద్యోగి జీతంలోంచే పోతుంది, తెలంగాణ అయినా ఆంధ్ర అయినా అంతే. ఈ కట్టుబళ్లన్నీ కలిపినా ఈఓఆర్ వాళ్ల నెలవారీ ఫీజులో పదోవంతు కూడా రాలేదు మాకు. అసలు డబ్బు పోయేది ఫీజులోనూ, డాలర్‌ని రూపాయి చేసేటప్పుడు వాళ్లు వేసే రేటులోనూ. ఆ రేటు ఇన్‌వాయిస్‌లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదే రోజు బ్యాంకు రేటు పక్కన పెట్టి చూసుకోండి.

ఇక గ్రాట్యుటీ. పెద్ద తలనొప్పి ఇదే. అమెరికాలో ఇలాంటిది లేదు కాబట్టి మా అకౌంటెంట్‌కి అర్థం చేయించడానికే చాలా టైం పట్టింది. ఐదేళ్లు నిండినవాళ్లు మానేస్తే, పనిచేసిన ప్రతి ఏడాదికీ చివరి నెల బేసిక్‌ని 26తో భాగించి 15తో హెచ్చిస్తే వచ్చినంత ఇవ్వాలి. మా సర్వీసు దీన్ని ప్రతి నెలా ముందుగానే మా దగ్గర వసూలు చేసి రిజర్వ్‌లో పెడుతుంది. బాగానే ఉంది. కానీ ఒకతను రెండేళ్లకే మానేశాడు, అతనికి గ్రాట్యుటీ రాదు, మరి మేం కట్టిన డబ్బేది? కాంట్రాక్టులో దాని గురించి ఒక్క ముక్క లేదు. బోలెడన్ని మెయిళ్లయ్యాక క్రెడిట్ నోట్ ఇచ్చారు, అదీ అడిగాం కాబట్టి. అడగని క్లయింట్ల డబ్బు ఏమవుతోందో మరి!

2025 నవంబర్ 21న లేబర్ కోడ్‌లు (ఇండియా కొత్త కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాక ఈ లెక్క మళ్లీ మారింది. ఇప్పుడు అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంతా వేతనం కిందే లెక్క. మావాళ్లకి బేసిక్ 40 శాతమే ఉండేది, లక్ష జీతానికి ఏడాదికి 23,077 పెట్టేవాళ్లం, ఇప్పుడు 50,000 మీద 28,846 పెట్టాలి. ఫిక్స్‌డ్ టర్మ్ మీద, అంటే ఇంతకాలానికని రాసుకుని తీసుకుంటే ఏడాదికే గ్రాట్యుటీ. మానేసినవాళ్లకి రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో సెటిల్ చేయాలి, మా సర్వీసుకేమో అంతకుముందు నలభై ఐదు రోజులు అలవాటు. ఈ మార్పు గురించి వాళ్ల నుంచి వచ్చింది ఒక బొమ్మల పీడీఎఫ్, మా ఉద్యోగుల లెక్క మాత్రం నేనే ఎక్సెల్‌లో వేసి పంపాల్సి వచ్చింది. ఇంత ఫీజు తీసుకుని ఇదేం పని?

సెలవుల జాబితా ఇంకో కామెడీ. బెంగళూరు జాబితా తెచ్చి అతికించారు, కన్నడ రాజ్యోత్సవం ఉంది, బతుకమ్మ లేదు, సంక్రాంతికి ఒక్కరోజు. విజయవాడ కుర్రాళ్లు ఊరుకుంటారా?

ఉద్యోగుల వైపు అసలు కంప్లైంట్ డబ్బు గురించి కాదు. పేస్లిప్ మీద ఎవరూ వినని పేరు ఉంటుంది. హోమ్ లోన్ వాళ్లు అడుగుతారు, పెళ్లిచూపుల్లో అవతలివాళ్లు గూగుల్ చేసి మీది కన్సల్టెన్సీయా అంటారు. మేం లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం ఇస్తున్నాం, లోన్‌కి పనికొచ్చింది, రెండోదానికి చెప్పలేను.

కొందరు ఇదంతా ఎందుకు, కన్సల్టెంట్లుగా డాలర్లు పంపెయ్యొచ్చు కదా అంటారు. మా టైమింగ్స్, మా లాప్‌టాప్, మా మేనేజర్, వేరే పని చేయకూడదనే షరతు, ఇన్ని పెట్టి కన్సల్టెంట్ అంటే రేపు పీఎఫ్ ఆఫీసు ఒప్పుకోదు. అలాగని ఈఓఆర్ ఉందని అన్నీ తప్పించుకున్నట్టు కాదు, హైదరాబాద్‌లో కూర్చుని మా తరఫున కాంట్రాక్టులు ఖరారు చేసే మనిషిని పెడితే ఇండియాలో మా కంపెనీకే పన్ను పడే ప్రమాదం ఉంది. సేల్స్‌వాళ్లని అందుకే అక్కడ పెట్టలేదు.

ముగ్గురు నలుగురు వరకు ఈ సర్వీసు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. మేం ఆ సంఖ్య దాటేశాం, ఆ ఫీజుతో అక్కడ ప్రైవేట్ లిమిటెడ్ పెట్టి ఒక మంచి సీఏని పెట్టుకోవచ్చు, ఆ పనిలోనే ఉన్నాం. పీఎఫ్ సంగతి సులువే, అదే యూఏఎన్ కొనసాగుతుంది. చిక్కంతా గ్రాట్యుటీకి లెక్కేసే ఏళ్లదీ, దాని డబ్బుదీ: పాత జాయినింగ్ తేదీనే మా కొత్త కంపెనీ లెక్కలోకి తీసుకుంటుందని, రిజర్వ్‌లో ఉన్న డబ్బు మాకు బదిలీ చేస్తామని మూడువైపులా సంతకాలతో కాగితం కావాలన్నాం. మొదటిదానికి ఒప్పుకున్నారు. రెండోది వాళ్ల లీగల్ టీమ్ దగ్గరుందట.