చార్మినార్‌కి, పాడుబడ్డ బంగళాకి: 16-35 జూమ్ లెన్సా, 35 ప్రైమ్ లెన్సా?

చార్మినార్ (1591) దగ్గర 16-35 మి.మీ. ఎఫ్/4 జూమ్‌తో (దృశ్యం వెడల్పును మార్చుకోగల లెన్స్, 16 దగ్గర అతి వెడల్పు) ఇరుకులోనూ కట్టడం మొత్తం ఫ్రేములో పడుతుంది. కానీ 16 దగ్గర కెమెరా పైకెత్తారో, మినార్లు పైన ఒకదానివైపొకటి వాలిపోతాయి. కెమెరాను మట్టంగా, నిలువు ఫ్రేములో పట్టి, కింద మిగిలే రోడ్డును తర్వాత కత్తిరించండి. దగ్గర్లోని గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ వైపు వెనక్కి నడిచే ఓపికుంటే 35 ప్రైమ్ (జూమ్ కాని, ఒకే వెడల్పున్న లెన్స్) కూడా సరిపోతుంది, జనం అడ్డొస్తారంతే.

పాడుబడ్డ బంగళాలో (అనుమతితోనే లెండి) 35 ఎఫ్/1.8దే పైచేయి: ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ వెలుగు లోపలికి తీసుకుంటుంది. ఎఫ్/4లో 1/8 సెకను అడిగే వెలుగుకు దీనితో 1/40 చాలు. ట్రైపాడ్ అక్కర్లేదు. అయితే పెచ్చులూడిన సున్నం గోడను ఎఫ్/1.8లో ఏటవాలుగా తీస్తే ఒక్క పట్టీయే స్పష్టంగా వస్తుంది. గోడంతా కావాలంటే ఎఫ్/8, ట్రైపాడ్ తప్పవు. చెక్క నేల వణుకుతుంది, గోడవారన నిలపండి. లెన్స్ మాత్రం బయటే మార్చుకోండి. లోపలి దుమ్ము సెన్సర్‌కి (కెమెరాలో బొమ్మను పట్టే చిప్‌కి) అంటితే ఎఫ్/11లో ఆకాశమంతా మచ్చలే.