యూపీఎస్ కొన్నవాళ్ళూ, రిటర్న్ గడువు దాటకముందే లోపలి బ్యాటరీ తేదీ చూసుకోండి

డెస్క్‌టాప్ కంప్యూటర్‌కి ఈమధ్య యూపీఎస్ కొన్నవాళ్ళు, కొనబోతున్నవాళ్ళు దయచేసి ఇది చివరిదాకా చదవండి. కొత్తదని నాకు అమ్మిన యూపీఎస్‌లో ఉన్నది రెండేళ్ళ కిందట తయారైన బ్యాటరీ. ఆ సంగతి బయటపడడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఈలోపు అక్కర్లేని ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి భాగాలకి కరెంటు అందించే డబ్బా) ఒకటి కొన్నాను, మూడు గంటల ఆడియో ఎడిటింగ్ పోగొట్టుకున్నాను, రిటర్న్ గడువూ దాటిపోయింది. అమ్మినవాళ్ళ పేరు రాయడం లేదు, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.

కొన్న మొదటి నెలలో కరెంటు పెద్దగా పోలేదు. యూపీఎస్ మీద పచ్చలైటు వెలుగుతోంది, టెస్ట్ బటన్ నొక్కితే బీప్‌మని మళ్ళీ మామూలైపోతోంది, ఇంకేం కావాలి అనుకున్నాను. తర్వాత ఒకరోజు పని మధ్యలో కరెంటు పోయింది. యూపీఎస్ లోపల టిక్కుమని ఒక్క చప్పుడు, ఆ వెంటనే కంప్యూటర్, మానిటర్ రెండూ ఆరిపోయాయి. కరెంటు వచ్చాక విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే ‘కెర్నెల్-పవర్ 41’ అని ఉంది. కంప్యూటర్ సవ్యంగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని చెప్పడమే దాని పని. తప్పు యూపీఎస్‌దా, ఎస్ఎంపీఎస్‌దా అన్నది అందులో తేలదు.

అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే వాళ్ళ టెక్నీషియన్ చాలా నమ్మకంగా మాట్లాడాడు. మీ ఎస్ఎంపీఎస్‌లో యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటుని సమంగా లాగే సర్క్యూట్) ఉంది, మా యూపీఎస్ బ్యాటరీ మీద ఇచ్చేది అసలైన సైన్ వేవ్ కాదు, మెట్లు మెట్లుగా ఉండే వేవ్, అది దానికి పడదు, ఎస్ఎంపీఎస్ మార్చుకోండి అన్నాడు. ఇది గాలిమాట కాదు. కొన్ని ఎస్ఎంపీఎస్‌లకి ఆ వేవ్ నిజంగానే పడదు, బ్యాటరీ మీదకి మారే క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి, యూపీఎస్ ఓవర్‌లోడ్ అనుకుని ఆగిపోతుంది. అందుకే నమ్మాను. మారే సమయం లెక్క కూడా చూసుకున్నాను. ఈ రకం యూపీఎస్‌లు మారడానికి సాధారణంగా 4 నుంచి 10 మిల్లీసెకన్లు తీసుకుంటాయి. డెస్క్‌టాప్ ఎస్ఎంపీఎస్‌లకి ఉన్న ఏటీఎక్స్ ప్రమాణాలు చాలాకాలంగా అడుగుతున్న ఓర్పు, అంటే కరెంటు తెగినా ఆగకుండా నిలబడే సమయం, 16 మిల్లీసెకన్ల చుట్టూ ఉంటుంది. నా పాత ఎస్ఎంపీఎస్ బలహీనపడి ఆ ఓర్పు తగ్గిందేమో అని కొత్తది కొని బిగించాను. మళ్ళీ కరెంటు పోయింది, మళ్ళీ అదే టిక్కు, అదే చీకటి.

అప్పుడు చేసిన పని మొదటిరోజే చేసి ఉంటే ఇంత నష్టం ఉండేది కాదు. కంప్యూటర్‌ని పూర్తిగా పక్కన పెట్టేశాను. 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు ఒకటి టేబుల్ లాంపుకి పెట్టి, దాన్నొక్కదాన్నే యూపీఎస్‌కి తగిలించి, రాత్రంతా చార్జింగ్‌లో ఉంచి, పొద్దున గోడ దగ్గర స్విచ్ ఆపాను. బల్బు 50 సెకన్లు వెలిగింది. అంతే. బల్బులో పీఎఫ్‌సీ ఉండదు, దానికి ఏ వేవ్ అయినా ఒకటే, మిల్లీసెకన్ల గొడవ లేదు. కంప్యూటర్ ఆరిపోయి బల్బు మాత్రం నిక్షేపంగా వెలిగి ఉంటే టెక్నీషియన్ మాట నిజమయ్యేది. బల్బే నిలవలేదంటే చూడాల్సింది బ్యాటరీనే. ఈ పరీక్షకి ఎల్ఈడీ బల్బు పనికిరాదు, అది లాగేది మరీ తక్కువ, చచ్చిన బ్యాటరీ కూడా దాన్ని కాసేపు మోస్తుంది. యూపీఎస్ మీది టెస్ట్ బటన్ నన్ను మోసం చేసిందీ ఇలాగే. కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడు నొక్కాను, మోయాల్సిన బరువే లేదు కాబట్టి పాసైపోయింది.

యూపీఎస్ ఆపి, ప్లగ్ పీకి, అడుగున ఉన్న చిన్న తలుపు తీసి బ్యాటరీ బయటికి లాగాను. 12 వోల్టుల, 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ, ఇళ్ళలో వాడే చిన్న యూపీఎస్‌లలో చాలావాటికి ఇదే. మల్టీమీటర్ పెడితే 12.8 వోల్టులు చూపించింది. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, నేనూ దాదాపు ఆగిపోయాను, ఎందుకంటే నిండా చార్జయిన బ్యాటరీ దానికేమీ తగిలించనప్పుడు చూపించాల్సింది అంతే. కానీ దానికి 12 వోల్టుల, 55 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బు తగిలించగానే మీటర్ మీద అంకె జారడం మొదలైంది. రెండు నిమిషాల్లో 9కి వచ్చేసింది. ఆ బల్బు లాగేది నాలుగున్నర ఆంపియర్ల పైచిలుకు. ఆరోగ్యంగా ఉన్న 7 ఏహెచ్ బ్యాటరీ మొదటి నిమిషాల్లో 12 చుట్టూ నిలబడాలి. కాబట్టి లోడ్ లేకుండా తీసిన వోల్టేజీని చూసి బ్యాటరీ బాగుందని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

బ్యాటరీ ప్లాస్టిక్ డబ్బా మీద ఒత్తినట్టు ఒక కోడ్ ఉంది. తయారీ సంస్థ ఇచ్చిన పద్ధతిలో చదివితే రెండేళ్ళ కిందటి నెల. అట్టపెట్టె మీద అంటించిన స్టిక్కర్‌లో మాత్రం కొన్న ఏడాదే ఉంది. కోపం కంటే ముందు బాధేసింది, రెండు నెలలు నా కంప్యూటర్‌నే అనుమానించాను కదా అని.

వాడకుండా పెట్టెలో ఉన్నదానికి ఏమవుతుందిలే అనుకునేవాళ్ళ కోసం ఒక్కమాట. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఊరికే ఉన్నా తనలోని చార్జిని నెమ్మదిగా పోగొట్టుకుంటూనే ఉంటుంది, వేడిచోట ఇంకా తొందరగా. అందుకే గోడౌన్లో ఉన్నా ఆరు నెలలకోసారి అయినా చార్జి చేయాలని తయారీదారులు చెబుతారు. అలా చేయకపోతే లోపలి సీసపు పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది, తర్వాత ఎంత చార్జి చేసినా ఆ భాగం తిరిగి పనిలోకి రాదు. మంచి బ్యాటరీకే ఆయుష్షు మూడు నుంచి ఐదేళ్ళు. అందులో రెండేళ్ళు చార్జింగ్ లేకుండా అటకమీద గడిచిపోతే మన చేతికొచ్చేది దాని అవశేషం.

ఇవన్నీ చెప్పి ఫొటోలు పంపితే అమ్మినవాళ్ళు మాట మార్చారు. ఈసారి ‘మీ కంప్యూటర్ లోడ్ ఎక్కువ’ అన్నారు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో 600 అని ఉంటుంది, అది వీఏ (వోల్ట్-ఆంపియర్లు), వాట్లు కాదు. నిజంగా మోయగలిగేది వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది, నాదాంట్లో 360 వాట్లు. కొనేటప్పుడు చూడాల్సింది ఆ రెండో అంకెనే. నేను ప్లగ్‌కి పెట్టే వాట్ మీటర్‌తో కొలిచాను: మామూలు పనిలో కంప్యూటర్, మానిటర్ కలిపి 140 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు గట్టిగా పనిచేసినప్పుడు 310. కరెంటు పోయిన ప్రతిసారీ నేను చేస్తున్నది మామూలు పనే. పైగా 100 వాట్ల బల్బుని మోయలేనిది ఓవర్‌లోడ్ ఎలా అవుతుందని అడిగితే జవాబు లేదు. చివరికి, యూనిట్‌కి వారంటీ ఉంది గానీ బ్యాటరీ ‘అరిగిపోయే వస్తువు’ కాబట్టి దానికి లేదు అన్నారు. కొనేముందు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. బ్యాటరీకి వారంటీ ఎన్ని నెలలో బిల్లు మీద విడిగా రాయించుకోండి, రాయనంటే అక్కడ కొనకండి.

మీ దగ్గర ఇప్పటికే యూపీఎస్ ఉండి రిటర్న్ గడువు మిగిలుంటే, ఈ రాత్రి చార్జింగ్‌లో పెట్టి రేపు బల్బు పరీక్ష చేయండి. అది నిలిచాక కంప్యూటర్ తగిలించి, తెరిచినవన్నీ సేవ్ చేసి మూసేసి మళ్ళీ చేయండి. ప్లగ్ పీకేయకుండా సాకెట్ స్విచ్ ఆపితే మంచిది, పీకితే ఎర్త్ కూడా తెగిపోతుంది. మొత్తం ఫోన్‌లో వీడియో తీయండి, యూపీఎస్ సీరియల్ నంబరు, గడియారం కనబడేలా. నా దగ్గర అలాంటి వీడియో లేకపోవడం వల్లే మొదటి నెలలో బాగానే పనిచేసింది కదా అని వాదించగలిగారు. లేజర్ ప్రింటర్‌ని మాత్రం యూపీఎస్‌కి తగిలించకండి, వేడెక్కేటప్పుడు అది లాగే కరెంటుకి బాగున్న యూపీఎస్ కూడా ఆగిపోతుంది.

బ్యాటరీ తీసేవాళ్ళు జాగ్రత్త. కొన్ని యూపీఎస్‌లలో బ్యాటరీ తీగలు కూడా మెయిన్స్ కరెంటుతో కలిసే ఉంటాయి, గోడకి తగిలించి ఉండగా వాటిని ముట్టుకోకూడదు, మీటర్ పెట్టకూడదు. చేతికి ఉంగరం, గొలుసు ఉంటే తీసేయండి, రెండు టెర్మినళ్ళకీ లోహం తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి, చర్మం కాలిపోతుంది. బ్యాటరీ ఉబ్బి ఇరుక్కుపోయి ఉంటే బలవంతంగా లాగొద్దు. బ్యాటరీకి తలుపు లేని మోడల్ అయితే మీరు విప్పితే సీల్ తెగి వారంటీ పోవచ్చు, అలాంటివి కొనేటప్పుడే వాళ్ళ చేత విప్పించి తేదీ చూడండి.

ప్రస్తుతానికి నేను రెండు నెలల కిందట తయారైన బ్యాటరీ విడిగా కొని వేసుకున్నాను. అదే యూపీఎస్, అదే బల్బు, 22 నిమిషాలు వెలిగింది. పక్కన పెట్టేసిన పాత ఎస్ఎంపీఎస్‌ని మళ్ళీ బిగించి చూశాను, దానిమీద కూడా కంప్యూటర్ 12 నిమిషాలు నడిచింది. పాత బ్యాటరీ పారేయలేదు, ఫిర్యాదు తేలేదాకా కోడ్ కనబడేలా పెట్టి ఉంచాను. నిన్న వాళ్ళు ఆ కోడ్ ఫొటో మరోసారి అడిగారు, పంపాను. జవాబు వచ్చాక ఇక్కడే రాస్తాను.