కర్నూలులో జంట స్కేటింగ్ జడ్జింగ్ తరగతి: తెర మీద భేష్, నేల మీద అంతంతే

మంచు రింకే లేని ఊళ్లో మంచు మీది జంట స్కేటింగ్‌కు మార్కులేయడం నేర్పుతారా అనిపిస్తుంది. తెర మీది పాఠం మాత్రం గట్టిది.

ట్విస్ట్ లిఫ్ట్‌నే తీసుకోండి: అబ్బాయి అమ్మాయిని పైకి విసురుతాడు, ఆమె గాలిలో గిరగిరా తిరిగి కిందికొస్తుంటే పట్టుకుంటాడు. అమ్మాయి ఎంత ఎత్తుకు లేచిందన్నదే అందరూ చూస్తారు. అసలు గుట్టంతా పట్టులో ఉంది. ఆమె కాలు మంచుకు తగలకముందే అబ్బాయి చేతులు నడుముకు రెండు పక్కలా చేరాలి. భుజం మీదికి వాలిపోతే కోతే. ఒకే క్లిప్పును మూడుసార్లు, చివరిసారి నెమ్మదిగా చూపించడం మంచి పద్ధతి.

లెక్కా విడమర్చారు. ప్రతి అంశం ఎంత బాగా చేశారన్నదానికి -5 నుంచి +5 దాకా గ్రేడు (2018-19కి ముందు -3 నుంచి +3), మెట్టుకు బేస్ విలువలో (ఆ అంశానికి ముందే ఖాయం చేసిన పాయింట్లలో) 10 శాతం. అంటే 5 పాయింట్ల అంశానికి +2 వస్తే 6. తొమ్మిది మంది జడ్జిలుంటే పై గ్రేడూ, కింది గ్రేడూ తీసేసి మిగతా ఏడింటికి సగటు. కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే: ముందు మంచి గుణాలు లెక్కగట్టి, ఆపైనే తప్పులు తగ్గించాలి. లెవెల్ (అంశం ఎంత కష్టమైందన్న స్థాయి) తేల్చడం జడ్జీల పని కాదు, వేరే బృందమైన టెక్నికల్ ప్యానెల్‌ది.

అబ్బాయి ఒకచోటే తిరుగుతూ, చెయ్యి పట్టుకున్న అమ్మాయిని మంచుకు దగ్గరగా తన చుట్టూ తిప్పే డెత్ స్పైరల్‌ను పది నిమిషాల్లో ముగించేశారు. అమ్మాయి తల ఆమె మోకాలి మట్టానికి దిగిందా లేదా ఏ కోణం నుంచి చూడాలో చెప్పనేలేదు.

ప్రాక్టికల్ రోలర్ స్కేట్ల మీద, బేతంచెర్ల బండల నేల మీద. బండల సందుల్లో చక్రం తట్టుకుంటుంటే ల్యాండింగ్ సాఫీగా సాగిందా అని ఏం చూస్తాం? డెత్ స్పైరల్‌కు ఇంకో గంట కలిపేదాకా అనుభవమున్నవాళ్లు ఆగొచ్చు.